ఎదురు తిరిగిన ఫ్యాను

కోడిగుడ్ల ట్రేలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆమె తడక్క.

పాత కాగితాలూ అట్టపెట్టెలూ నీళ్లలో నానేసి గుజ్జు చేసి, ఆ గుజ్జును అచ్చుల్లో పోస్తే ముప్పై గుంటల ట్రే అవుతుంది. అచ్చులోంచి ఊడి వచ్చేటప్పుడు అది పాలల్లో ముంచిన రొట్టె ముక్కలా ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే చేతికి వచ్చేస్తుంది. దాన్ని గొలుసు పట్టీ మీద వేసి పొడవాటి ఇనప సొరంగంలోకి పంపుతారు. లోపలంతా వేడిగాలి. ఇరవై నిమిషాలు తిరిగి తిరిగి, అవతలి మూతిలోంచి గట్టిపడి బయటికొస్తుంది. ఆ మూతి దగ్గర నిలబడి, వచ్చిన ట్రేని వచ్చినట్టు అందుకుని దొంతర పెట్టడం తడక్క పని. పద్దెనిమిదేళ్లుగా అదే పని. అందుకోగానే బొటనవేలితో ఒక గుంట అడుగున నొక్కుతుంది. ఆమె "తడి" అందంటే తడే. సూపర్‌వైజరు దగ్గర తేమ చూసే యంత్రం ఒకటుండేది. అది తడక్క బొటనవేలితో రెండుసార్లు గొడవ పెట్టుకుని, రెండుసార్లూ ఓడిపోయి, ఆయన సొరుగులో విశ్రాంతి తీసుకుంటోంది.

చదివింది ఎనిమిదో తరగతి. కానీ 'ఎందుకు' అనే మాట ఆమె నాలిక చివరే కాపురం ఉండేది. పెళ్లయిన కొత్తలో, ఇస్త్రీ పెట్టె ఎందుకు వేడెక్కుతుందో చూద్దామని మొత్తం విప్పేసి మళ్లీ బిగించింది. ఒక మర మిగిలిపోయింది. ఆ మర ఎక్కడిదో ఆమె మొగుడికి ఇప్పటికీ అంతుచిక్కలేదు. ఇస్త్రీ పెట్టె మాత్రం నిక్షేపంలా పనిచేస్తోంది. ఆ మొగుడు మామూలు మొగుడు కూడా కాదు, అదే ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. జేబులో ఎప్పుడూ రెండు ఫ్యూజులు వేసుకుని తిరుగుతాడు కాబట్టి అందరికీ ఫ్యూజు మామ. పనిలో చెయ్యి తిరిగినవాడు. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతే తనే గుర్తు చేసేవాడు.

ఆ ఏడాది ఎండలు ముదిరే రోజుల్లో, సొరంగంలోకి వేడిగాలిని తోసే పెద్ద ఫ్యాను మోటారు కాలిపోయింది. దాన్ని విప్పి, ఊళ్లో వైండింగు షాపుకి పంపి, కొత్త తీగ చుట్టించి తెచ్చారు. ఫ్యూజు మామే బిగించాడు, ఫ్యూజు మామే వైర్లు కలిపాడు. స్విచ్చి నొక్కితే ఫ్యాను తిరిగింది, గాలి వచ్చింది. అందరూ టీ తాగడానికి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి మొదలైంది తంటా. తడక్క బొటనవేలు పెట్టిన ప్రతి ట్రే తడే. పట్టీ వేగం తగ్గించారు. ఇరవై నిమిషాల్లో ఆరేది ముప్పై అయింది, ముప్పై అయిదయింది. అయినా అడుగు గుంటల్లో చెమ్మ పోయేది కాదు. కోళ్ల ఫారం వాళ్లు ఫోన్లు చేసి, మీ ట్రేలు గుడ్ల బరువుకి కూలబడుతున్నాయని మొత్తుకున్నారు. మోటారు చూస్తే పొయ్యి మీద పెట్టినట్టు కాలుతోంది, మీద చెయ్యి వేసి అయిదు లెక్కపెట్టడం కూడా గగనమే.

"ఫ్యాను ముసలిదైపోయింది," అని తేల్చేశాడు సూపర్‌వైజరు. ఫ్యూజు మామ కూడా తల ఊపాడు. ఫ్యాక్టరీ ఓనరమ్మ, తండ్రి తర్వాత పగ్గాలు పట్టుకున్న మనిషి, రెండు రోజులు ఆలోచించి పెద్ద ఫ్యాను తెప్పించడానికి సిద్ధపడింది. అది రావడానికి నెల పడుతుంది. ఈలోగా సగం సరుకే తయారవుతుంది కాబట్టి దొంతర పెట్టే ఆడవాళ్లు వంతులవారీగా ఇంట్లో కూర్చోవాలని చెప్పారు. తడక్క వంతు వచ్చే వారం నుంచి.

ఆమెకి ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్లు ట్రేలు ఆరబెట్టిన ఫ్యాను ఒక్క రాత్రిలో ముసలిదెలా అవుతుంది? జుట్టు నెరవడానికైనా కొంత టైము తీసుకుంటుంది కదా మనిషి.

ఆదివారం యంత్రాలన్నీ ఆపి శుభ్రం చేసే రోజు. ఫ్యాను గది తుడిచే పని ఎవరికీ నచ్చదు. ఇటుక గోడల మధ్య ఇరుకు, వేడి, ఎక్కడ చూసినా కాగితపు నూగు. ఆ వారం తడక్క కావాలని అడిగి తీసుకుంది. చేతిలో చీపురు, రేకు ముక్క, మూతికి గుడ్డ. ఆ ఫ్యాను మన ఇళ్లలో ఉండే జాతి కాదు. నిలువెత్తు నత్తగుల్లలా మెలి తిరిగిన ఇనప డొప్ప, దాని కడుపులో రెక్కల చక్రం. చక్రం నడుమ నుంచి గాలి పీల్చుకుని, అంచుల మీదుగా విసిరి, నత్త మూతిలోంచి సొరంగంలోకి తోస్తుంది. పక్కనే మోటారు. మోటారు పుల్లీ నుంచి ఫ్యాను పుల్లీకి మూడు బెల్టులు.

బయట ఎవరో స్విచ్చి ఆపారు. ఇంత పెద్ద చక్రం ఒక్కసారిగా ఆగదు, ఊపు చచ్చేదాకా నాలుగైదు నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. తడక్క గోడకానుకుని చూస్తూ నిలబడింది. చుట్లు నెమ్మదించి, పుల్లీ మీద ఊచలు విడివిడిగా కనపడటం మొదలైంది. పుల్లీ పైభాగం గోడ వైపు పోతోంది. సరే, పోతే పోయింది. చక్రం నిలిచాక డొప్ప పైభాగాన నూగు గీకడం మొదలుపెట్టింది. రెండేళ్ల కింద ఎవరో పెద్ద కొనుగోలుదారు చూడ్డానికి వస్తున్నాడని ఫ్యాక్టరీలో కదలని వస్తువన్నిటికీ ఆకుపచ్చ రంగు కొట్టారు. గీకుడికి నూగుతో పాటు ఆ రంగు కూడా ఒక పెచ్చు ఊడింది. దాని కింద ఎర్రగా ఏదో ఉంది.

ఇంకొంచెం గీకింది. ఎర్ర గీత. గీత చివర ముక్కోణం. డొప్పని పోతపోసినప్పుడే ఉబ్బెత్తుగా పోసిన బాణం గుర్తు, మీద ఎర్ర రంగు. ఆ బాణం చూపు తలుపు వైపు ఉంది.

పుల్లీ పోయింది గోడ వైపు.

తడక్క చేతిలో రేకు ముక్క కింద పడి ఖంగుమంది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఫ్యాను మళ్లీ వేశారేమోనని తిరిగి చూసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఫ్యూజు మామ నాలుగు ముద్దలు తినేదాకా ఓపిక పట్టింది. అంతకంటే ఆమె వల్ల కాలేదు.

"ఏమయ్యా, మన పెద్ద ఫ్యాను ఏ వైపు తిరగాలి?"

"తిరగాల్సిన వైపు."

"అదే, ఏ వైపు?"

"గాలి వచ్చే వైపు. గాలి వస్తోందా, లేదా?"

"వస్తోంది."

"మరి తిను."

ఆమె బాణం సంగతి చెప్పింది. ఫ్యూజు మామ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మూడు వైర్ల మోటారుకి ఏ రెండు వైర్లు తారుమారైనా అది ఎదురు తిరుగుతుందని పెళ్లయిన మొదటి ఏడాదే ఆమెకు చెప్పింది ఆయనే. ఇప్పుడు ఆ పాఠం తిరిగి తన మెడకే చుట్టుకుంటోంది.

"పిచ్చిదానా," అన్నాడు, మెత్తగానే. "టేబుల్ ఫ్యాను వెనక్కి తిప్పితే ఏమవుతుంది? గాలి వెనక్కి పోతుంది. ఇది ఎదురు తిరుగుతుంటే సొరంగంలో గాలిని వెనక్కి లాగాలి. లాగడం లేదు, తోస్తోంది. ఆ బాణం ఎవడో పొరపాటున పెట్టుంటాడు."

"ఇనుములో పోతపోసిన బాణం పొరపాటున పెడతారా?"

"నాకు చెప్తావా? ఎన్ని మోటార్లు కలిపానో తెలుసా నేను?"

తెలుసు. అందుకే ఆమె ఊరుకుంది. ఊరుకుంది కానీ లోపల ఊరుకోలేదు. ఆయన మాట కూడా తీసిపారేసేది కాదు. టేబుల్ ఫ్యాను విషయం నిజమే కదా. మరి నత్త ఫ్యాను సంగతేమిటి? తెలుసుకోవాలంటే తిప్పి చూడాలి. ఫ్యాక్టరీది తిప్పనివ్వరు. అయితే తనే ఒకటి చేసుకోవాలి.

సోమవారం నుంచి ఆమె ఇంట్లో కూర్చునే వంతు. కూర్చుందా? అత్తగారి బిస్కెట్ల డబ్బా, గుండ్రంగా మూతున్న రేకు డబ్బా, ఖాళీ చేసి ముందేసుకుంది. డబ్బా అంచున ఒక చోట రేకు కోసి అట్టతో మూతి పెట్టింది. మూతకి నడిమధ్య కన్నం. అట్ట గుండ్రంగా కత్తిరించి, దాని మీద ఎనిమిది రెక్కలు వంపుగా నిలబెట్టి జిగురు పెట్టింది. పెద్ద చక్రంలో రెక్కలు ఎలా వంగి ఉన్నాయో ఆదివారం తుడుస్తూ చేత్తో తడిమి చూసింది కదా, అదే వంపు. డబ్బా అడుగున బెజ్జం పెట్టి, చక్రానికి బిగించిన బోల్టును దాంట్లోంచి బయటికి తీసి, దాన్ని ఫ్యూజు మామ డ్రిల్లు మిషనుకి తగిలించింది. ఆ మిషనుకి ముందుకీ వెనక్కీ తిరిగే మీట ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి.

"అత్తా, ఈ డబ్బా కాస్త గట్టిగా పట్టుకో."

"నా బిస్కెట్ల డబ్బా ఏం చేశావే?"

"నీకు కొత్తది కొంటాను. పట్టుకో."

"పేలదు కదా?"

"గాలి డబ్బా పేలుతుందా?"

ముసలావిడ డబ్బాని ఒళ్లో పెట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, పళ్లు బిగించి కూర్చుంది. తడక్క డబ్బా మూతి ముందు సన్నటి కాగితం పట్టీ వేలాడదీసి, రెక్కల వీపు ముందుండేలా మీట పెట్టి, డ్రిల్లు నొక్కింది. కాగితం పట్టీ లేచి, కర్రలా బిగుసుకుని నిలబడింది. అత్తగారి నెరిసిన ముంగురులు కూడా లేచాయి. సరే. ఇప్పుడు మీట వెనక్కి. మళ్లీ నొక్కింది.

కాగితం డబ్బాలోకి పోలేదు. బయటికే ఊగింది. అదే వైపు. కాకపోతే కర్రలా నిలబడలేదు, జబ్బు మనిషి చెయ్యి ఊపినట్టు ఊగుతోంది.

తడక్క మళ్లీ ముందుకు తిప్పింది. కర్ర. వెనక్కి. జబ్బు మనిషి. ముందుకు. వెనక్కి. ఎటు తిప్పినా గాలి బయటికే, కానీ ఒక వైపు బలంగా, ఇంకో వైపు నీరసంగా. "అత్తా, చూశావా? చూశావా?" అంటూ డ్రిల్లు చేతిలో పట్టుకునే గదంతా ఒక చుట్టు తిరిగింది.

"ఇందులో వింతేముంది?" అంది అత్తగారు. "వానలో తడిసిన గొడుగు ఎటు తిప్పినా నీళ్లు బయటికే చిమ్ముతాయి. మీ ఆయన చిన్నప్పుడు ఎన్నిసార్లు నా మొహాన చిమ్మాడో."

తడక్క నిలబడిపోయింది. అంతే కదా. చక్రం గాలిని నడుమ నుంచి అంచుకి విసురుతుంది, గొడుగు నీళ్లని విసిరినట్టే. ఎటు తిప్పినా విసురుడు బయటికే. రెక్కల వంపు ఎదురైతే, విసిరే బలం సగం గాలిని చిలకడంలోనే పోతుంది. అందుకే ట్రేలకి తడి, అందుకే మోటారుకి మంట. ఆమె గబగబా వెళ్లి అత్తగారిని గట్టిగా వాటేసుకుంది. ముసలావిడ ముందు బిస్కెట్ల డబ్బా సంగతి తేల్చమంది.

సాయంత్రం అయిదింటికి ఫ్యూజు మామ ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలో డ్రిల్లు పట్టుకుని నిలబడి ఉంది. తిప్పి చూపించింది. ఆయన సంచి భుజాన ఉండగానే డ్రిల్లు లాక్కుని తనే తిప్పాడు. పట్టీ బదులు జేబురుమాలు పెట్టి చూశాడు, ఆఖరికి తన అరచెయ్యి పెట్టి చూశాడు. తిప్పినకొద్దీ ఆయన మొహంలో రంగు దిగుతోంది. చివరికి డ్రిల్లు కింద పెట్టి మంచం మీద కూలబడ్డాడు.

"ఆ వైర్లు కలిపింది నేనే."

"తెలుసు."

"వైండింగు షాపువాడు వైర్ల చివర్లకు వేసిన గుర్తులు చెరిగిపోయాయి. అంచనాగా కలిపాను. తిరిగింది, గాలి వచ్చింది, సరే అనుకున్నాను." సంచి కింద పెట్టి అడిగాడు. "సూపర్‌వైజరుకు చెప్పావా?"

"నీకు చెప్పకుండా చెప్తానా?"

ఆయన తల వంచి, డబ్బా మూత కన్నంలోంచి రెక్కల వంపు చూడసాగాడు. తడక్కకి భయం వేసింది. పనిలో పేరే ఆయనకున్న ఆస్తి. నలుగురూ ఇంట్లో కూర్చోవడానికి తన చెయ్యే కారణమని తెలిస్తే ఆయన తట్టుకుంటాడా? కానీ ఫ్యూజు మామ తలెత్తేసరికి ఆ మొహంలో కనిపించింది సిగ్గు కాదు. విప్పిన ఇస్త్రీ పెట్టె ముందు తన మొహం ఎలా ఉండి ఉంటుందో, సరిగ్గా అలా ఉంది.

"పద," అన్నాడు లేస్తూ.

"ఇప్పుడా?"

"ఇంకా ఎండ ఉంది. సాయంత్రం షిఫ్టువాళ్లు పనిలోనే ఉంటారు. ఆ డబ్బా తీసుకో."

"భోంచేసి వెళ్లండర్రా," అంది అత్తగారు. వినేవాళ్లెవరు.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు చేతులు కట్టుకుని డబ్బా తమాషా అంతా చూసి, "అట్టముక్కల బొమ్మకీ టన్ను ఇనుముకీ పోలికా?" అన్నాడు. ఆ చప్పుడుకి ఓనరమ్మ ఆఫీసులోంచి బయటికొచ్చింది. ఫ్యూజు మామ ఆమె ముందుకెళ్లి నిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా, కనిపెట్టింది ఇది. వైర్లు తిరగేశాను. ఫ్యాను వెనక్కి తిరుగుతోంది."

ఓనరమ్మ డబ్బా వైపు, మొగుడూ పెళ్లాల వైపు, సూపర్‌వైజరు వైపు చూసింది. "సరిచేయడానికి ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు."

"పది నిమిషాలకి నన్ను అడగాలా?"

ఫ్యాను ఆపారు. చక్రం పూర్తిగా నిలిచేదాకా ఆగి, ఫ్యూజు మామ మెయిను కట్టేసి, దానికి తాళం వేసి తాళంచెవి తడక్క చేతికిచ్చాడు. మోటారు డబ్బా మూత విప్పి, మూడింట్లో రెండు వైర్లు విప్పి, అటుది ఇటు, ఇటుది అటు బిగించాడు. మూత పెట్టి, తాళం తీయించి, స్విచ్చి మీద చెయ్యి పెట్టి భార్య వైపు చూశాడు.

"నువ్వు నొక్కు."

ఆమె నొక్కింది. పుల్లీ కదిలింది. పైభాగం తలుపు వైపు పోయింది, బాణం చూపిన వైపు. ఇన్నాళ్లూ గొంతులో ఏదో అడ్డం పడినట్టు గరగరమన్న ఫ్యాను ఈసారి గొంతు సవరించుకుని, ఒకే శృతిలో హూమ్మని లేచింది. నత్త మూతి దగ్గర రేకు బిగుసుకుని టంగుమంది. ఫ్యూజు మామ కరెంటు మీటరు ముల్లు చూసి, అద్దం మీద వేలితో కొట్టి మళ్లీ చూశాడు. ముల్లు కిందికి దిగింది. గాలి పెరిగింది, కరెంటు తగ్గింది.

ఇక చూడాల్సింది సొరంగం అవతల. తడక్క అక్కడికి నడిచి వెళ్లలేదు, పరిగెత్తింది. వెనకాలే అందరూ. అప్పటికే లోపలున్న ట్రేలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. మొదట వచ్చినవి కొంచెం చెమ్మగా, తర్వాతవి పర్వాలేదనిపించేలా, ఆ తర్వాత ఒకటి వచ్చింది. తడక్క దాన్ని అందుకుని బొటనవేలు పెట్టి నొక్కింది. గుంట నొక్కుకోలేదు. గోటితో కొట్టి చూసింది, టకటకమంది. నాలుగు వారాల తర్వాత ఆ చప్పుడు వినడం. "పొడి," అంది. ఇంకొకటి, ఇంకొకటి. "పొడి. పొడి. ఇదీ పొడే." తోటి ఆడవాళ్లు కూడా తలా ఒకటి అందుకుని గోళ్లతో కొట్టి చూస్తున్నారు, ఆ మూలంతా టకటకలే. ఇంతలో సొరంగం మూతిలోంచి వస్తున్న గాలికి ఒక ట్రే పట్టీ మీంచి లేచి, గాల్లో తేలుతూ వచ్చి సూపర్‌వైజరు ఛాతీకి తగిలింది. ఆయన దాన్ని పట్టుకుని, ఎవరూ చూడట్లేదనుకుని, బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు.

ఆ వారం తడక్క ఇంట్లో కూర్చోలేదు. ఎవరూ కూర్చోలేదు.

కథ ఇక్కడితో ఆగిపోయి ఉంటే తడక్క మళ్లీ దొంతరల దగ్గరికే పోయేది. ఆగలేదు. పట్టీ పాత వేగానికి తెచ్చినా ట్రేల అంచులు మాడి గోధుమరంగుకి తిరుగుతున్నాయి. మునుపూ అంచులు అంతో ఇంతో మాడేవే. బహుశా మొదట్నుంచీ ఆ ఫ్యాను అవసరానికి మించిందే, ఎవరూ పట్టించుకోలేదంతే. సూపర్‌వైజరు గాలి దారిలో ఉన్న రేకు తలుపును, డ్యాంపరు అంటారు దాన్ని, సగం మూయించాడు. అంచులు బాగుపడ్డాయి. ఆయనకది తన వంతు విజయం.

రెండు రోజులకి ఒక ఇంజనీరు దిగాడు. పెద్ద ఫ్యాను ఎంత పెద్దదుండాలో కొలవడానికి ఓనరమ్మ అంతకుముందే పిలిపించిన మనిషి. మెడలో మీటరు, చేతిలో మీటరు, సంచిలో ఇంకో రెండు. సాయంత్రానికల్లా ఆయన పేరు మీటరు సారు అయిపోయింది. గాలి కొలిచి, కరెంటు కొలిచి, డ్యాంపరు దగ్గర ఆగాడు.

"ఇది సగం మూసి ఉందేంటి?"

"గాలి ఎక్కువైంది సార్," అన్నాడు సూపర్‌వైజరు.

ఫ్యాను గదిలో దీపం పట్టుకుని నిలబడ్డ తడక్క ఉండబట్టలేకపోయింది. "సార్, ఎక్కువైతే మెల్లగా తిప్పుకోవచ్చు కదా? కుళాయి మొత్తం విప్పేసి, గొట్టాన్ని చేత్తో నొక్కి పట్టుకున్నట్టుంది ఇది."

మీటరు సారు చేస్తున్న పని ఆపి ఆమెను చూశాడు. "మెల్లగా తిప్పితే ఎంత మిగులుతుందనుకుంటున్నావమ్మా?"

"పదిలో ఎనిమిది వంతులకి తగ్గిస్తే, కరెంటూ పదికి ఎనిమిది అవుతుందేమో."

"గాలి ఎనిమిది అవుతుంది. కరెంటు అవదు." జేబులోంచి సుద్దముక్క తీసి గోడ మీద రాశాడు. "కరెంటు లెక్కకి వేగాన్ని మూడుసార్లు వెయ్యాలి. పదిని పదితో, మళ్లీ పదితో గుణిస్తే వెయ్యి. ఎనిమిదిని ఎనిమిదితో, మళ్లీ ఎనిమిదితో గుణించు."

ఆమె దగ్గర్లో ఉన్న ట్రే తిరగేసి, వెనకాల పెన్సిలుతో వేసింది. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు. అరవై నాలుగెనిమిదులు అయిదువందల పన్నెండు. నమ్మకం కలగక మళ్లీ వేసింది.

"సగం," అంది. "సార్, ఇది సగం."

"సగమే."

"ఐదో వంతు మెల్లగా తిప్పితే, సగం కరెంటా?"

"ఊరికే నమ్మకు. చేసి చూడు."

చేశారు. మోటారుకున్న పది అంగుళాల పుల్లీ తీసేసి ఎనిమిదంగుళాలది వేశారు, బెల్టులు బిగువు చేశారు, డ్యాంపరు బార్లా తెరిచారు. ట్రేలు మునుపటిలాగే టకటకమంటూ వచ్చాయి. ఫ్యూజు మామ మీటరు ముందు నిలబడి, వేలితో అద్దం కొట్టడం కూడా మరిచిపోయి నోరు వెళ్లబెట్టాడు. తడక్క ఆ రోజంతా కనపడ్డ ప్రతివాళ్లకీ ఎనిమిదెనిమిదుల లెక్క చెప్పింది. చివరికి గేటు దగ్గర కాపలా ఆయన ఆమెను దూరం నుంచి చూసి, "అయిదువందల పన్నెండమ్మా, నాకు తెలుసు," అన్నాడు.

పెద్ద ఫ్యాను అవసరం లేదని మీటరు సారు రాసిచ్చాడు. కానీ వెంటనే వెళ్లిపోలేదు. ఇంకో రెండు రోజులుండి, తడక్కను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీలో ఉన్న ఫ్యాన్లన్నీ చూపించాడు. ఆమెకది కొత్త బంధువుల ఇళ్లకి తిరిగినట్టు అనిపించింది, ఎవరెవరికి ఎవరేమవుతారో తెలుస్తున్నకొద్దీ ఉత్సాహం. కాగితపు ముక్కల్ని గొట్టంలోంచి లాగే ఫ్యానుకి రెక్కలు వంపు లేకుండా పలకల్లా నిలువుగా ఉన్నాయి. వంపు రెక్కలైతే చెత్త పట్టుకుని కూర్చుంటుంది, ఇది కొంచెం కరెంటు ఎక్కువ తిన్నా ఆ మురికి పనికి ఇదే సరి. ఆఫీసు కూలరు పెట్టెలో ఉన్నది చిన్న చిన్న రెక్కలు దగ్గర దగ్గరగా ఉన్న డోలు, రెక్కలన్నీ ముందుకి వంగి ఉన్నాయి. చప్పుడు తక్కువ, ఆకలి ఎక్కువ. గోడకున్నవి టేబుల్ ఫ్యాను జాతి, గాలిని విసరవు, తిన్నగా తోస్తాయి. ఎదురుగా అడ్డం లేకపోతే ఇంత కరెంటుతో అంత గాలినిచ్చేది ఇంకోటి లేదు. అడ్డం వస్తే మాత్రం చేతులెత్తేస్తాయి.

"మరి దీనికి రెండడుగుల పక్కనే కిటికీ తెరిచి ఉంది కదా సార్," అంది తడక్క ఒక గోడ ఫ్యాను చూసి. "బయటికి తోసిన వేడి మళ్లీ ఆ కిటికీలోంచే లోపలికి వస్తోంది."

మీటరు సారు ఆ కిటికీ చూసుకోలేదు. చూసుకోలేదని ఒప్పుకుని, తన సంచిలోంచి ఒక మీటరు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ నెలాఖరుకి ఓనరమ్మ ఆమెను దొంతరల దగ్గర్నుంచి తీసి ఫ్యాన్ల పని అప్పగించింది. నీలం కోటు ఇచ్చింది, మీటరు సారు ఊళ్లో జరిగే పది రోజుల శిక్షణకి పంపింది. ముప్పై మంది మగవాళ్ల మధ్య కూర్చుని తడక్క ప్రశ్నలడిగిన తీరుకి, అయిదో రోజు నుంచి పాఠం చెప్పేవాళ్లు ముందుగా ఆమె వైపు చూసి మొదలుపెట్టేవారట. ఫ్యూజు మామలో కూడా మార్పు వచ్చింది. ఏ మోటారు విప్పినా వైర్లకి దారాలు కట్టి గుర్తు పెట్టుకుంటున్నాడు. ఎవరైనా పాత సంగతి ఎత్తి ఆటపట్టిస్తే, "అవును, నేనే తిరగేశాను, అందుకే అది ఇంజనీరు అయింది," అని దబాయిస్తాడు.

కిందటి నెల మీటరు సారు పంపగా తడక్క ఒక బట్టలుతికే పెద్ద కర్మాగారానికి వెళ్లింది. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల తువ్వాళ్లూ ఉతికి ఇస్త్రీ చేసే చోటు. లోపల అడుగుపెడితే ఆవిరికి ఎదురుగా మనిషి కనిపించడం కష్టం. ఇస్త్రీ బల్లల దగ్గర పన్నెండు మంది ఆడవాళ్లు, మెడలకి తడి గుడ్డలు చుట్టుకుని నిలబడి ఉన్నారు. గోడలకి నాలుగు పెద్ద ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి, అయినా ఆవిరి కదలడం లేదు. ఇంకో రెండు పెట్టాలని అక్కడి మేనేజరు ఆలోచన.

ఆమె ఇస్త్రీ చేసే ఒక ముసలమ్మ దగ్గర సన్నటి నూలు పోగు అడిగి తీసుకుని, ఒక్కో ఫ్యాను ముందూ పట్టుకుని చూసింది. మూడింటి దగ్గర పోగు బయటి వైపు సాగింది. నాలుగో దాని దగ్గర లోపలికి ఎగిరి ఆమె మొహానికి తగిలింది. ఆ మూడు తోసేస్తున్న ఆవిరిని ఇది పక్క సందులోంచి తీసుకొచ్చి మళ్లీ లోపల పోస్తోంది.

"ఇది గుండ్రటి డబ్బా ఫ్యాను కాదండీ," అని మేనేజరుతో చెప్పింది. "దీన్ని వెనక్కి తిప్పితే గాలి నిజంగానే వెనక్కి వస్తుంది. రెండు వైర్లు మార్చి, వంపు ఎదురు కాకుండా రెక్కలు తిరగేసి బిగిస్తే చాలు. ఆ తర్వాత బట్టలు లోపలికొచ్చే ఆ తలుపు తెరిచి ఉంచండి. లోపలికి గాలి రాకపోతే బయటికి దేన్ని తోస్తాయి ఇవి?"

అక్కడి ఎలక్ట్రీషియను నసుగుతూనే నిచ్చెన వేశాడు. అరగంట పట్టింది. స్విచ్చి వేశారు. మొదట ఏమీ జరగలేదు. తర్వాత పైకప్పు కింద పరుచుకున్న ఆవిరి దుప్పటి ఒక అంచున కదిలి, ఫ్యాన్ల వైపు సాగింది. చూస్తుండగానే ఇస్త్రీ బల్లలు బయటపడ్డాయి, వాటి వెనక మనుషులు బయటపడ్డారు, అవతలి గోడ మీద గడియారం కనిపించింది. తలుపులోంచి బయటి గాలి సర్రున లోపలికొచ్చింది. ముసలమ్మ మెడ మీది తడి గుడ్డ తీసేసి, కళ్లు మూసుకుని, ఆ గాలికి ఎదురుగా నిలబడింది.

"ఇంకో రెండు ఫ్యాన్లు వద్దంటారా అయితే?" అన్నాడు మేనేజరు.

తడక్క అప్పటికే నిచ్చెన అడుగుకి వెళ్లి, నీలం కోటు చేతులు పైకి మడుచుకుంటోంది. "వద్దండి. ఉన్న నాలుగింటి రెక్కల మీదా నూగు చూశారా, వేలెడు మందం ఉంది," అంది మొదటి మెట్టు ఎక్కుతూ. "వీటిని ఆపించండి. ముందు ఈ నూగు సంగతి చూడాలి."